ఆన్‌లైన్ చదరంగంలో తెర పెట్టే తికమక: మొదటి రేటెడ్ ఆటకు ముందే సరిచేసుకోవలసినవి

ఇంటి దగ్గర పిల్లలకు చదరంగం నేర్పే నాకు ప్రతి ఆదివారం ఒక ఫిర్యాదు తప్పకుండా వినిపిస్తుంది: "గెలిచే ఆటే సార్, ఎలా పోయిందో తెలియలేదు." మొదట్లో దాన్ని సాకుగానే తీసుకునేవాణ్ణి. పదేళ్ల పాప ఒకతె తను ఆడిన ఆటను ఫోన్‌లో ఎత్తు తర్వాత ఎత్తుగా చూపించిన రోజున నా అభిప్రాయం మారింది. ఆ పాప బంటును ఎనిమిదో వరుసకు చేర్చి ఏనుగును తీసుకోవాలనుకుంది. తను ఏమీ అడగకముందే ఆ గడిలో మంత్రి వచ్చి కూర్చుంది. ఎదుటి రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు, ఆట స్టేల్‌మేట్‌తో డ్రా అయింది. ఆమె లెక్కలో తప్పేమీ లేదు. బంటు చివరి గడికి చేరగానే మంత్రినే ఇవ్వాలని ఆ సైట్ ముందే నిర్ణయించి పెట్టిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

బోర్డు మీద నియమాలు ప్రపంచమంతటా ఒకటే అయినా, పావును ఎలా కదపాలి, డ్రా ఎలా కోరాలి, గడియారం ఎప్పుడు మొదలవుతుంది, సమయం అయిపోతే ఫలితం ఏమిటి అనే విషయాల్లో ప్రతి సైట్‌కూ తనదైన పద్ధతి ఉంటుంది. వీటిలో చాలా వాటిని మనం మార్చుకోవచ్చు, కొన్నిటిని మార్చలేము. మార్చగలిగినవాటిని మొదటి రేటెడ్ ఆటకు, అంటే ఫలితాన్ని బట్టి మన రేటింగ్ అంకె మారే ఆటకు, ముందే మార్చుకోవడానికీ, మార్చలేనివాటిని ముందే తెలుసుకుని ఉండడానికీ ఈ మార్గదర్శి. ఉదాహరణలుగా మన పిల్లలు ఎక్కువగా వాడే రెండు సైట్లను తీసుకున్నాను. ఒకటి 2007లో మొదలైన చెస్.కామ్. రెండోది ఫ్రెంచ్ ప్రోగ్రామర్ తిబో డుప్లెసి 2010లో మొదలుపెట్టిన లిచెస్. ఇది ప్రకటనలు లేకుండా, విరాళాల మీద నడిచే ఉచిత సైట్. మెనూల పేర్లు, వాటి చోట్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి పేరును బట్టి కాకుండా పనిని బట్టి వెతకండి. వీలైతే మొదటిసారి ల్యాప్‌టాప్‌లోనో కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరిచి ఈ పని చేయండి. అక్కడ చేసిన మార్పులన్నీ ఫోన్ యాప్‌కు వాటంతట అవే రావు కనుక, తర్వాత యాప్‌లోనూ ఒకసారి సరిచూసుకోవాలి.

మొదటి మెట్టు: పావును కదిపే పద్ధతి ఒక్కటే ఉంచుకోండి

లిచెస్‌లో పైన కుడివైపు మీ పేరు మీద నొక్కి ప్రిఫరెన్సెస్‌లోకి వెళితే గేమ్ బిహేవియర్ అనే భాగం కనిపిస్తుంది. పావులను ఎలా కదుపుతారు అనే ప్రశ్నకు అక్కడ మూడు సమాధానాలు ఉంటాయి: రెండు గడులను వరుసగా నొక్కడం, పావును పట్టి లాగడం, రెండూ. ఈ రెండూ పనిచేసే ఏర్పాటు సౌకర్యంగా కనిపిస్తుంది కానీ, నేను చూసిన చెయ్యిజారుడు ఎత్తుల్లో సగానికి మూలం అదే. లాగుతున్న పావు మీద నుంచి వేలు ఒక గడి ముందే లేస్తే అది అక్కడే వాలిపోతుంది. మంత్రిని హెచ్8 దాకా తీసుకెళ్లాలనుకున్నవాడు జి7 దగ్గరే దాన్ని పోగొట్టుకుంటాడు. ఫోన్‌లో ఆడేవారు రెండు గడులను నొక్కే పద్ధతినీ, మౌస్ అలవాటున్నవారు లాగే పద్ధతినీ ఎంచుకుని రెండోదాన్ని పూర్తిగా ఆపేయాలని నా సలహా. మొదటి రెండు రోజులు చెయ్యి తడబడుతుంది, తర్వాత అలవాటైపోతుంది.

అదే పేజీలో కోట కట్టే పద్ధతి గురించి కూడా ఒక ఎంపిక ఉంటుంది. రాజును రెండు గడులు జరపడం ఒక పద్ధతి, రాజును తీసుకెళ్లి ఏనుగు మీద పెట్టడం మరొకటి. టోర్నమెంట్లకు వెళ్లే పిల్లలకు మొదటి పద్ధతినే అలవాటు చేయండి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల ప్రకారం ముందు ఏనుగును ముట్టుకుని ఆ తర్వాత రాజును ముట్టుకుంటే, ఆ ఎత్తులో ఆ వైపు కోట కట్టే హక్కు పోతుంది, ముట్టుకున్న ఏనుగునే కదపాల్సి వస్తుంది. తెర మీద ఏనుగు వైపు వెళ్లడం అలవాటైన చెయ్యి, హాలులో చెక్క పావుల ముందు కూర్చున్నప్పుడు కూడా ఏనుగు వైపే పోతుంది.

ఎత్తును ఖాయం చేసుకునే బటన్, అంటే మూవ్ కన్ఫర్మేషన్, కూడా ఇక్కడే ఉంటుంది. రోజుకొక ఎత్తు చొప్పున ఆడే ఆటల్లోనూ, అరగంటకు మించిన ఆటల్లోనూ దాన్ని తప్పకుండా ఆన్ చేసి ఉంచండి. మూడు నిమిషాల ఆటలో మాత్రం ఆపేయండి, ఒక్కో ఎత్తుకు అర సెకను పోయినా నలభై ఎత్తులకు ఇరవై సెకన్లు పోతాయి.

రెండో మెట్టు: బంటు చివరి వరుసకు చేరినప్పుడు ఏమవుతుందో పరీక్షించండి

మంత్రిని తనంతట తానే ఇచ్చే ఏర్పాటు రెండు సైట్లలోనూ ఉంది. లిచెస్‌లో దీనికి మూడు స్థాయిలు ఉన్నాయి: ఎప్పుడూ వద్దు, ముందస్తు ఎత్తులో (ఎదుటివారి వంతులోనే వేసి ఉంచేదానిలో) మాత్రమే, ఎల్లప్పుడూ. చెస్.కామ్‌లో ఎల్లప్పుడూ మంత్రినే తీసుకోవాలా అనే ఒక్క మీట ఉంటుంది. వేగంగా ఆడేవారికి ఈ ఏర్పాటు వల్ల ఒక సెకను మిగులుతుంది, నిజమే. కానీ నేర్చుకుంటున్నవారికి ఇది ఆటలోని ఒక నియమాన్నే దాచిపెడుతుంది, అందుకే నా దగ్గర నేర్చుకునే పిల్లలందరి ఫోన్లలో దీన్ని ఆపించాను.

ఆపేశారో లేదో మాటల్లో నమ్మవద్దు, బోర్డు మీదే చూడండి. బోర్డ్ ఎడిటర్ తెరిచి మొత్తం పావులను తీసేసి నాలుగే పెట్టండి: తెల్ల రాజు సి2లో, తెల్ల బంటు సి7లో, నల్ల రాజు ఎ1లో, నల్ల ఏనుగు డి4లో. ఎత్తు తెల్లవారిది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో నివసించిన స్పెయిన్ దేశపు మతగురువు ఫెర్నాండో సావెడ్రా ఒక చదరంగ సమస్యకు 1895లో కనిపెట్టిన పరిష్కారానికి ఇది చివరి దశ. బంటును సి8కి జరిపి మంత్రిని తీసుకుంటే, నల్లవారు ఏనుగును సి4కు తెచ్చి చెక్ ఇస్తారు. మంత్రితో దాన్ని చంపగానే నల్ల రాజుకు ఒక్క గడీ మిగలదు, ఆట డ్రా. మంత్రికి బదులు ఏనుగును తీసుకుంటే పరిస్థితి వేరు. ఎ8లో ఆటకట్టు బెదిరింపు వస్తుంది కాబట్టి నల్ల ఏనుగు ఎ4కు రాక తప్పదు. అప్పుడు తెల్ల రాజు బి3కి వెళితే అటు ఏనుగు మీద దాడి, ఇటు సి1లో ఆటకట్టు బెదిరింపు ఒకేసారి నిలుస్తాయి. గెలుపు ఖాయం.

ఈ అమరిక నుంచి కంప్యూటర్‌తో ఆట మొదలుపెట్టి బంటును ముందుకు జరపండి. నాలుగు పావుల పట్టీ తెరుచుకుంటే మీ సెట్టింగ్ సరిగ్గా ఉన్నట్టు. అడగకుండానే మంత్రి వచ్చేస్తే వెనక్కి వెళ్లి మళ్లీ మార్చుకోవాలి. పట్టీలో పావులు ఏ వరుసలో ఉన్నాయో కూడా గమనించి పెట్టుకోండి. లిచెస్‌లో మంత్రి తర్వాత గుర్రం, దాని తర్వాత ఏనుగు, చివర శకటు ఉంటాయి. చిన్న ఫోన్ తెర మీద ఏనుగుకూ శకటుకూ మధ్య వేలు తప్పడం చాలా తేలిక. పట్టీ మనం ఊహించిన వరుసలో లేకపోతే మరీ తేలిక. కంప్యూటర్‌లో లిచెస్ వాడుతూ మంత్రి తనంతట తానే వచ్చే ఏర్పాటును ఉంచుకోవాలనుకునేవారు, ప్రమోషన్ సమయంలో కంట్రోల్ మీటను నొక్కి పట్టుకుంటే ఆ ఒక్కసారికి పట్టీ కనిపిస్తుంది.

మూడో మెట్టు: ముందస్తు ఎత్తుల రంగును గుర్తుపట్టడం నేర్చుకోండి

ఎదుటివారి వంతులో మనం ముందుగా వేసి ఉంచే ఎత్తును ప్రీమూవ్ అంటారు. ఎదుటివారు కదపగానే మన ఎత్తు దానంతట అదే పడుతుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, ఆ ఎత్తు తెలివైనదా కాదా అని సైట్ చూడదు, నియమం ప్రకారం చెల్లుతుందా లేదా అనే చూస్తుంది. డి5లో బంటుల మార్పిడి జరుగుతుందనుకుని మంత్రిని అక్కడికి ముందస్తుగా పంపారనుకోండి. ఎదుటివారు బంటుతో కాకుండా, ఆ బంటును కాపలా ఉంచి శకటుతో డి5లో చంపినా సరే, మీ మంత్రి వెళ్లి డి5లో కూర్చుంటుంది. తర్వాతి ఎత్తులో అది ఉండదు.

లిచెస్‌లో ఒక సమయంలో ఒకే ముందస్తు ఎత్తు వేయగలం, దానికి గడియారంలో ఏమీ తగ్గదు. చెస్.కామ్‌లో వరుసగా ఎన్నో వేసి ఉంచవచ్చు, ఒక్కోదానికి సెకనులో పదో వంతు తగ్గుతుంది. లిచెస్‌లో ఆ గడులు నీలి ఛాయలో, చెస్.కామ్‌లో ఎరుపు రంగులో మారతాయి. అసలు తికమక ఇక్కడే మొదలవుతుంది. లిచెస్‌లో ఎరుపు అంటే రాజుకు చెక్ ఉందని గుర్తు, అదే ఎరుపు చెస్.కామ్‌లో ముందస్తు ఎత్తుకు గుర్తు. రెండు సైట్లలోనూ ఆడే పిల్లవాడు ఒకచోటి రంగును ఇంకోచోటి అర్థంతో చదివితే అది వాడి తప్పని నేను అనను. రద్దు చేసే పద్ధతీ వేరే: చెస్.కామ్‌లో మౌస్ కుడి మీటను నొక్కాలి, లిచెస్‌లో బోర్డు మీద నొక్కితే చాలు. ఎత్తుకూ ఎత్తుకూ మధ్య ఆలోచించి ఆడడం నేర్చుకునే వయసులో ముందస్తు ఎత్తులను సెట్టింగ్స్‌లోనే ఆపేయడం మేలు. లిచెస్‌లో ఆ వీలు ఉంది.

నాలుగో మెట్టు: జెండా, సగం గుర్తు, వెనుకకు తిరిగిన బాణం

బోర్డు పక్కన ఉండే చిన్న బొమ్మల అర్థం ఎక్కడా రాసి ఉండదు. జెండా బొమ్మ అంటే ఓటమిని ఒప్పుకోవడం. యుద్ధంలో తెల్లజెండా ఊపినట్టన్నమాట. కానీ చదరంగం హాళ్లలో తరతరాలుగా జెండా అంటే గడియారం ముల్లుకు వేలాడే ఎర్రముక్క, సమయం అయిపోగానే పడేది. "జెండా పడింది" అంటే సమయం తీరిందని అర్థం. పాత తరం ఆటగాడొకరు ఎదుటివారి సమయం అయిపోయిందని చెప్పడానికి జెండా నొక్కి, గెలవవలసిన ఆటను చేజేతులా వదులుకోవడం నా కళ్లముందే జరిగింది. ఆన్‌లైన్‌లో సమయం అయిపోయిన సంగతిని మనం చెప్పనక్కర్లేదు, సైటే చూసుకుంటుంది. కాబట్టి ఆ బొమ్మతో మీకు ఓడిపోయినప్పుడు తప్ప పని లేదు.

ఒకటి బై రెండు గుర్తు డ్రా ప్రతిపాదన. వెనుకకు తిరిగిన బాణం లిచెస్‌లో ఎత్తును వెనక్కి తీసుకోనివ్వమని ఎదుటివారిని కోరడం. వాళ్లు ఒప్పుకుంటేనే అది జరుగుతుంది. రేటెడ్ ఆటల్లో ఇలాంటి కోరికలు రాకుండా ఉండాలంటే, టేక్‌బ్యాక్స్ అనే చోట రేటింగ్ లేని ఆటల్లో మాత్రమే అనే ఎంపికను పెట్టుకోండి. ఓటమి ఒప్పుకునే ముందూ డ్రా కోరే ముందూ మరోసారి అడగమని చెప్పే సెట్టింగ్ రెండు సైట్లలోనూ ఉంది, దాన్ని ఎప్పటికీ ఆపవద్దు.

లిచెస్ అరీనా టోర్నమెంట్లలో ఆడే పిల్లలకు ఇంకొక బటన్ గురించి తప్పకుండా చెప్పాలి. ఆట మొదట్లో బెర్సెర్క్ అనే బటన్ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే మీ సమయం సగానికి తగ్గిపోతుంది, ఎత్తుకు కలిసే అదనపు సెకన్లు కూడా పోతాయి. ప్రతిఫలంగా, కనీసం ఏడు ఎత్తులు ఆడి గెలిస్తే ఒక పాయింటు ఎక్కువ వస్తుంది. ఆకర్షణీయంగా కనిపించే ఆ బొమ్మ ఏమిటో చూద్దామని నొక్కినవారికి, గడియారం ఎందుకు సగమైందో ఆట అయ్యేదాకా అర్థం కాదు.

ఆట ముగిసిన వెంటనే వచ్చే బటన్ల దగ్గర కూడా తొందరపడవద్దు. అదే ఆటగాడితో మళ్లీ ఆడడం, కొత్త ఆటగాడితో ఆడడం పక్కపక్కనే ఉంటాయి. రెండోదాన్ని నొక్కగానే క్షణంలో కొత్త రేటెడ్ ఆట మొదలవుతుంది. మొదటి ఎత్తుల లోపు ఆటను రద్దు చేసుకోవచ్చు కానీ, పదే పదే అలా చేస్తే కొంతసేపు ఆడనివ్వరు.

ఐదో మెట్టు: 3+2 అంటే ఐదు నిమిషాలు కాదు

కొత్తవారు అందరూ ఒకసారైనా తడబడే చోటు ఇది. లిచెస్‌లో 3+2 అనీ, చెస్.కామ్‌లో మధ్యలో నిలువు గీతతోనూ రాసేది ఒకటే: ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ రెండు సెకన్ల చేర్పు. మొదటి సంఖ్య నిమిషాల్లో, రెండోది సెకన్లలో ఉందని తెరమీద ఎక్కడా కనిపించదు. 10+0 అంటే పది నిమిషాలు, చేర్పు లేదు. కొత్తగా నేర్చుకునేవారు చేర్పు లేని ఆటలకు దూరంగా ఉండాలి, ఎందుకంటే గెలుపు దశలో కూడా సమయం అయిపోయి ఓడిపోయే ప్రమాదం వాటిలోనే ఎక్కువ.

తర్వాతి చిక్కు వర్గాల పేర్లలో ఉంది. లిచెస్ ఒక ఆటకు నలభై ఎత్తులని అంచనా వేసి, మొదటి సమయానికి చేర్పును నలభై రెట్లు కలిపి లెక్క కడుతుంది. ఆ మొత్తం 180 సెకన్ల లోపు ఉంటే బుల్లెట్, 480 లోపు ఉంటే బ్లిట్జ్, 1500 లోపు ఉంటే ర్యాపిడ్, అంతకు మించితే క్లాసికల్. అందుకే 2+1 ఆట 160 సెకన్లతో బుల్లెట్ అవుతుంది, 5+5 ఆట 500 సెకన్లతో ర్యాపిడ్ అవుతుంది. చెస్.కామ్‌లో మూడు నిమిషాల లోపు బుల్లెట్, పది నిమిషాల లోపు బ్లిట్జ్, పది నిమిషాలు మొదలుకొని ర్యాపిడ్. ఫిడే లెక్క ఈ రెండింటికీ భిన్నం. అక్కడ చేర్పును అరవై రెట్లు కలుపుతారు, పది నిమిషాలూ అంతకు తక్కువ అయితే బ్లిట్జ్, పదికి మించి గంట లోపు అయితే ర్యాపిడ్. దీన్నిబట్టి 10+0 ఆటను సైట్లు ర్యాపిడ్ అంటాయి, ఫిడే బ్లిట్జ్ అంటుంది. "నేను ర్యాపిడ్ బాగా ఆడతాను" అని జిల్లా పోటీకి వచ్చిన పిల్లవాడు అక్కడి గడియారం ముందు ఎందుకు ఇబ్బంది పడతాడో తల్లిదండ్రులకు అర్థం కావాలంటే ఈ తేడా తెలియాలి. కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచిన పోటీలు 15+10 పద్ధతిలో జరిగాయి. టోర్నమెంటుకు తయారయ్యేవారు సైట్‌లో కూడా 15+10నే ఎంచుకోవాలి. సైట్‌లో ఆటను ఎంచుకునే చతురస్రాల వరుసలో కంటికి ముందు కనిపించేది అది కాకపోవచ్చు, కాస్త వెతకండి.

ఆటకు రేటింగ్ ఉందా లేదా అనేది కూడా ఇక్కడే తేలుతుంది. లిచెస్‌లో వెంటనే జత కుదిర్చే చతురస్రాలన్నీ రేటెడ్ ఆటలే. రేటింగ్ లేకుండా ఆడాలంటే ఆటను సృష్టించే బటన్ నొక్కి క్యాజువల్ అని ఎంచుకోవాలి. స్నేహితుడికి సవాలు పంపేటప్పుడు కూడా ఆ మీటను ఒకసారి చూసుకోవాలి.

ఆటలో ఉండగా ఇంటర్నెట్ పోతే గడియారం ఆగదు. 2020 ఆగస్టు 30న చెస్.కామ్‌లో జరిగిన ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో మన జట్టు ఆటగాళ్లు ఇద్దరు ఇంటర్నెట్ పోయి సమయం మీద ఓడిపోయారు. భారత జట్టు అభ్యంతరం చెప్పాక ఫిడే భారత్, రష్యాలను ఉమ్మడి విజేతలుగా ప్రకటించింది. మన మామూలు ఆటల్లో అలాంటి అప్పీలు ఉండదు. వైఫై నిలకడగా లేని ఇంట్లో మొబైల్ డేటాను కూడా సిద్ధంగా ఉంచుకోండి.

ఆరో మెట్టు: డ్రా నియమాలు ఏ సైట్‌లో ఎలా ఉన్నాయో తెలుసుకోండి

ఇక్కడ మనం మార్చగలిగేది తక్కువ, తెలుసుకోవలసింది ఎక్కువ. ఒకే స్థితి మూడుసార్లు వస్తే, హాలులో ఆడేటప్పుడు ఆటగాడు స్వయంగా డ్రా కోరాలి. ఎవరూ కోరకపోతే ఆట సాగుతుంది, ఐదోసారి వస్తే 2014 నుంచి ఉన్న నియమం ప్రకారం దానంతట అదే డ్రా అవుతుంది. చెస్.కామ్‌లో మూడోసారికే ఆట ముగిసిపోతుంది. లిచెస్‌లో మూడోసారి వచ్చినప్పుడు డ్రా కోరే బటన్ కనిపిస్తుంది, తనంతట తానే కోరాలా వద్దా అనేదాన్ని సెట్టింగ్స్‌లో మూడు రకాలుగా పెట్టుకోవచ్చు: ఎప్పుడూ వద్దు, ఎల్లప్పుడూ, ముప్పై సెకన్ల లోపు సమయం ఉన్నప్పుడు మాత్రమే. టోర్నమెంటు ఆటగాళ్లు మొదటిదాన్నే పెట్టుకోవాలని నేను పట్టుబడతాను. స్థితి మూడోసారి వచ్చిందని తాము గుర్తించడం వారు నేర్చుకోవలసిన నైపుణ్యం, దాన్ని యంత్రానికి వదిలేస్తే హాలులో అవసరమైనప్పుడు రాదు.

సమయం అయిపోయినప్పుడు వచ్చే ఫలితంలోనూ తేడా ఉంది. మీ దగ్గర రాజూ బంటూ ఉన్నాయి, ఎదుటివారి దగ్గర రాజూ గుర్రమూ ఉన్నాయి, మీ సమయం అయిపోయింది. చెస్.కామ్‌లో ఇది డ్రా, ఒంటరి గుర్రంతో ఆటకట్టు చేయలేరన్న లెక్క. లిచెస్ ఫిడే పద్ధతిని పాటిస్తుంది. ఎంత అసహజమైన ఎత్తులతోనైనా సరే, నియమాల ప్రకారం ఆటకట్టు ఒక్క దారిలో సాధ్యమైతే చాలు, సమయం అయిపోయినవారు ఓడినట్టే. మీ బంటే మీ రాజుకు అడ్డుగా నిలిచి ఆటకట్టు అయ్యే వీలుంది కాబట్టి అక్కడ మీకు ఓటమి. ఎదుటివారి దగ్గర ఒక్క రాజే మిగిలితే మాత్రం రెండుచోట్లా డ్రాయే. ఒకే స్థితికి రెండు చోట్ల రెండు ఫలితాలు చూసి సైట్ పొరపాటు చేసిందని కోపం తెచ్చుకునేవారు చాలామంది. పొరపాటు కాదు, కానీ ఫలితం పక్కన ఒక్క వాక్యం వివరణ రాయడానికి ఏ అడ్డమూ లేదని నా అభిప్రాయం.

ఏడో మెట్టు: రేటింగ్ అంకెను ఎలా చదవాలి

లిచెస్‌లో ప్రతి కొత్త ఖాతా 1500 దగ్గర మొదలవుతుంది. చెస్.కామ్‌లో ఖాతా తెరిచేటప్పుడు మీరు ఎంచుకున్న స్థాయిని బట్టి మొదటి అంకె ఉంటుంది. ఫిడే రేటింగ్‌కు 2024 మార్చి 1 నుంచి కనీస స్థాయి 1400. మూడూ వేర్వేరు గుంపుల్లో ఆడిన ఆటల నుంచి లెక్కగట్టినవి కాబట్టి, లిచెస్‌లో 1600 ఉన్న అబ్బాయికీ చెస్.కామ్‌లో 1200 ఉన్న అమ్మాయికీ మధ్య ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు ఆ అంకెల్లో సమాధానం ఉండదు. ఒకే సైట్‌లో కూడా బుల్లెట్, బ్లిట్జ్, ర్యాపిడ్, పజిల్ రేటింగ్‌లు వేర్వేరు. పజిల్ రేటింగ్ సాధారణంగా ఆట రేటింగ్ కంటే బాగా పైన ఉంటుంది, దాన్ని చూసి పిల్లవాడి స్థాయిని అంచనా వేయవద్దు. లిచెస్‌లో అంకె పక్కన ప్రశ్నార్థకం ఉంటే, ఆ రేటింగ్ ఇంకా నిలకడకు రాలేదని అర్థం. మరిన్ని ఆటలు ఆడితే అదే పోతుంది.

అంకె చూసి భయపడే పిల్లలకు నేను చేసే పని ఒకటుంది. లిచెస్‌లో ఆటగాళ్ల రేటింగ్‌లను కనిపించకుండా చేసే ఎంపికను ఆన్ చేస్తాను. జెన్ మోడ్ అనేదాన్ని జడ్ మీటతో తెరిస్తే బోర్డూ గడియారమూ తప్ప మిగతావన్నీ తెర నుంచి తప్పుకుంటాయి. పిల్లల ఆటలో దీనివల్ల వచ్చిన మార్పును నేను స్వయంగా చూశాను.

ఎనిమిదో మెట్టు: ఆట తర్వాత వచ్చే విశ్లేషణ

బోర్డు పక్కన ఎవరిది పైచేయో చూపే తెలుపు నలుపు పట్టీ, దాని మీద ఒక అంకె ఉంటాయి. ఆ అంకె ఎప్పుడూ తెల్లవారి వైపు నుంచే చెప్తుంది. మీరు నల్లపావులతో ఆడుతుంటే మైనస్ 2 అనేది మీకు మేలు చేసే అంకె. ఎమ్ పక్కన 4 ఉన్నా, హాష్ గుర్తు పక్కన 4 ఉన్నా నాలుగు ఎత్తుల్లో ఆటకట్టు అని అర్థం. చెస్.కామ్ ఇచ్చే అక్యురసీ శాతాన్ని పరీక్ష మార్కుల్లా చూడకండి. ఎదుటివారు త్వరగా తప్పు చేసిన తేలికైన ఆటలో 90 దాటవచ్చు, ఇద్దరూ గొప్పగా పోరాడిన చిక్కు ఆటలో 75 దగ్గర ఆగవచ్చు. రెండో ఆటే ఎక్కువ నేర్పుతుంది. పూర్తి విశ్లేషణ కోసం డబ్బు కట్టమని తెర అడిగితే, ఆట ఎత్తులను కాపీ చేసి లిచెస్ విశ్లేషణ బోర్డులో అతికించండి, ఎత్తులను లెక్కగట్టే స్టాక్‌ఫిష్ ఇంజిన్ (చదరంగం ప్రోగ్రామ్) అక్కడ ఉచితం. అంతకంటే ముందు, ఇంజిన్‌ను తెరవకుండా, మీరు ఎక్కడ తప్పు చేశారనుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకోండి.

తొమ్మిదో మెట్టు: పిల్లల ఖాతా, డబ్బు

లిచెస్‌లో కిడ్ మోడ్ అనే ఎంపిక ఉంది, దాన్ని ఆన్ చేస్తే సంభాషణలూ సందేశాలూ అన్నీ మూసుకుపోతాయి. చెస్.కామ్‌వారికి పిల్లల కోసం చెస్‌కిడ్ అనే విడి సైట్ ఉంది. పన్నెండేళ్ల లోపు పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ముందే వీటిలో ఒకదాన్ని ఏర్పాటు చేయండి.

ఏ సైట్‌లోనైనా ఉచిత ట్రయల్ అని మొదలుపెట్టేది గడువు తీరగానే చందాగా మారుతుందో లేదో చదివి చూడండి. యాప్‌ను ఫోన్ నుంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, మీ బొమ్మ మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. యూపీఐ ద్వారా కట్టి ఉంటే, ఆ యాప్‌లోని ఆటోపే జాబితాలో కూడా ఒకసారి చూసుకోండి.

చివరి మెట్టు: రేటింగ్ లేని ఒక ఆటతో అన్నిటినీ సరిచూసుకోండి

ఇప్పుడు ఇంట్లోవాళ్లలో ఒకరికి సవాలు పంపి, క్యాజువల్ అని ఎంచుకుని, 15+10 పద్ధతిలో ఒక ఆట ఆడండి. గెలుపు కోసం కాదు. కోట కట్టండి, ఒక బంటును చివరి వరుసకు చేర్చి గుర్రాన్ని కోరండి, కావాలని ఒక స్థితిని మూడుసార్లు తెప్పించి బటన్ ఎక్కడ వస్తుందో చూడండి, డ్రా కోరి, జెండా నొక్కి, సైట్ మళ్లీ అడుగుతోందో లేదో గమనించండి. ఇవే ఫోన్‌లో మరోసారి చేయండి. ఎక్కడైనా మీరు అనుకున్నది కాకుండా ఇంకేదైనా జరిగితే, ఏ మెట్టు దగ్గర జరిగిందో చూసి ఆ సెట్టింగ్‌ను మార్చి, అదే ఆటను మళ్లీ ఆడండి. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఇది రెండో ఆదివారం పాఠం. ఎత్తుల పాఠం మూడో ఆదివారం మొదలుపెడతాం.